ఓడ కింది అంతస్తులో నా ఉద్యోగం

మొదటి రోజు దూలం మీ నుదుటికి తగులుతుంది. రెండో రోజూ తగులుతుంది. ఆ తర్వాత మీరు నేర్చుకున్నా నేర్చుకోకపోయినా మీ మెడ నేర్చుకుంటుంది. ఈ ఉద్యోగం గురించి ఇంటర్వ్యూలో ఎవరూ చెప్పని మొదటి సంగతి ఇది. అందుకే దీనితోనే మొదలుపెడుతున్నాను.

లండన్‌లో థేమ్స్ ఒడ్డున కట్టి ఉంచిన ఒక చెక్క ఓడలో గైడుగా పనిచేసి రిటైరయ్యాను. అది నిజంగా పాత ఓడ కాదు. పదిహేడో శతాబ్దంలో ఆంగ్లేయుల వర్తక ఓడ ఎలా ఉండేదో అలా కట్టిన నమూనా. పై అంతస్తులో ఫిరంగులు, తెరచాపలు, కెప్టెన్ గది. కింది అంతస్తు మామూలు నావికులది. వాళ్లు తిన్నది, పడుకున్నది, జబ్బుపడింది అక్కడే. నా ఉద్యోగమంతా ఆ కింది అంతస్తులో గడిచింది. కాన్వాసు లాగూ, ఉన్ని టోపీ వేసుకుని, వచ్చినవాళ్లకు ఆ మామూలు నావికుడి బతుకు ఎలా ఉండేదో చెప్పడం నా పని.

మాది కాకినాడ. పోర్టు ఊళ్లో పుట్టాడు కదా, సముద్రం వీడి ఒంట్లోనే ఉంటుందనుకోకండి. కుర్రతనంలో ఒకసారి పడవెక్కి హోప్ ఐలాండ్‌కి వెళ్తేనే పేగులు నోట్లోకి వచ్చాయి. కట్టేసిన ఓడ కాబట్టి బతికిపోయాను. మా ఆవిడ శారద డాక్టరు. ఆవిడకు లండన్ శివారు హారోలో జీపీగా, అంటే పేట డాక్టరుగా, ఉద్యోగం వస్తే వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ వచ్చినవాణ్ణి నేను. కాకినాడలో కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. ఇక్కడ ఆ డిగ్రీ చూపిస్తే అందరూ మర్యాదగా నవ్వి టీ ఇచ్చేవారు. చివరికి ఈ ఓడ టికెట్ కౌంటర్లో పని దొరికింది. కొన్నాళ్లకు అక్కడి నుంచి మెట్లు దిగి కింది అంతస్తుకు వెళ్లాను. ఉద్యోగంలో నా ఎదుగుదల అంతే, అదీ కిందికే.

ఈమధ్య హారోలో, స్టాన్‌మోర్‌లో మన తెలుగు పిల్లలు ఒకరిద్దరు ఇలాంటి మ్యూజియం ఉద్యోగాల్లో చేరుతున్నారు. కనిపించినప్పుడల్లా "అంకుల్, వాట్స్ ఇట్ రియల్లీ లైక్?" అని అడుగుతున్నారు. సాఫ్ట్‌వేర్ మానేసి ఓడలెక్కడమేంటని వాళ్ల అమ్మలు నన్ను గుర్రుగా చూస్తున్నారు. ఆ పిల్లల కోసమే ఇదంతా రాస్తున్నాను. వాళ్ల అమ్మలు చదివినా నాకేం అభ్యంతరం లేదు.

అందరూ అడిగే ప్రశ్నలు

మీరు ఎంత చరిత్ర చదివి వచ్చినా జనం మిమ్మల్ని అడిగేది మూడే. మరుగుదొడ్డి ఎక్కడ? ఎలుకలుండేవా? సముద్రపు దొంగలేరి?

మొదట్లో నాకు ఒళ్లు మండేది. నాకు పని నేర్పినవాడు రాన్. అంతకుముందు చాలా ఏళ్లు నిజమైన సరుకు ఓడల్లో తిరిగి, మోకాళ్లు అరిగాక ఒడ్డుకు చేరినవాడు. నేను ముఖం మాడ్చుకోవడం చూసి పక్కకు పిలిచాడు.

"సత్యా, మరుగుదొడ్డి ప్రశ్న వచ్చిందంటే పండగ చేసుకో. దానికి జవాబు బాగా చెప్పావంటే తర్వాత నువ్వేం చెప్పినా వింటారు."

నిజమే. ఓడ ముక్కు దగ్గరికి వెళ్లి, బయటికి పొడుచుకొచ్చిన చెక్కల మీద, అలలు కింద నుంచి ఎగిరి కొడుతుంటే, ఒక చేత్తో తాడు పట్టుకుని కూర్చోవాలి అని చెప్పగానే పిల్లలు "యక్!" అని అరుస్తారు. వెంటనే అడగండి: చలికాలంలో, తుఫానులో, విరేచనాలు పట్టుకున్న మనిషి సంగతేంటి అని. అరుపు ఆగిపోతుంది. అంతదాకా బొమ్మలా ఉన్న నావికుడు ఆ క్షణంలో మనిషైపోతాడు. ఆ తర్వాత మిగిలినవి చెప్పండి. నాలుగేసి గంటల కాపలాలు, సగంమంది మేలుకుంటే సగంమంది నిద్ర. ఎండని బట్టలతోనే ఊగే గుడ్డ ఉయ్యాల్లో పడుకోవడం. నీళ్లు కంపు కొడతాయి కాబట్టి బీరు. ఉప్పులో ఊరేసిన గొడ్డుమాంసం, ఎండు బఠాణీలు, రాయిలాంటి బిస్కట్టు.

వాళ్లను వీరుల్ని చెయ్యొద్దు, తాగుబోతుల్నీ చెయ్యొద్దు. చాలామంది ఒడ్డున పని దొరక్క ఎక్కినవాళ్లు. చేతులకు తారు, గోళ్లలో తారు, మనసంతా ఇంటి మీద. తిరిగి ఇంటికి వెళ్లాలన్నదే వాళ్ల పెద్ద ఆశయం. నాకు వాళ్లంటే ప్రేమ పుట్టింది అక్కడే, దాచుకోవడం ఎందుకు?

నేను పేర్చిన పళ్లేలు

చేరిన కొత్తల్లో ఒక పొద్దున్న రాన్ నన్ను భోజనం బల్ల సర్దమన్నాడు. నలుగురు నావికులు ఒక బంతి. నేను స్టోర్లో వెతికి నాలుగు చెక్క పళ్లేలు, నాలుగు చెంబులు తెచ్చి, నలుగురికీ విడివిడిగా, ముచ్చటగా పేర్చాను. మా అమ్మ చూస్తే మెచ్చుకునేది.

రాన్ వచ్చి చూసి బల్ల పట్టుకుని నవ్వాడు. "ఎవరిది ఈ పెళ్లి? నలుగురికీ ఒకే పళ్లెం సత్యా. చేతులు అందులోనే, చెంచాలు అందులోనే, అదే చెంబు చుట్టూ తిరుగుతుంది."

"ఒకళ్ల ఎంగిలి ఒకళ్లా?" అన్నాను. 'ఎంగిలి' తెలుగులోనే వచ్చేసింది. అదేంటని అడిగాడు. చెప్పడానికి అరగంట పట్టింది. ఒకరు నోరు పెట్టింది, ఇంకొకరు ముట్టకూడనిది అన్నాను. అంత శుభ్రమైనవాళ్లయితే ఈ ఓడలో మొదటివారమే ఆకలితో పోయేవాళ్లన్నాడు. నాకు పౌరుషం వచ్చింది, ఆ తర్వాత నవ్వూ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు పుస్తకాల్లో ఎన్నిసార్లు 'ఒకే పళ్లెం' అని రాసినా చదువుతూ దాటేశానే గాని, నా బుర్ర దాన్ని నాలుగు చేసుకునే చదివింది. చదివింది మన ఇంటి అలవాటుతో కలిపి చదువుతామని ఆ రోజు తెలిసింది. మీరూ చదువుతారు. చూసుకోండి.

మిగిలిన మూడు పళ్లేలూ తీసేశాక అసలు సంగతి చూపించాడు. ఒకే పళ్లెం అయితే వాటాలు ఎలా? మాంసం ఎప్పుడూ సమంగా తెగదు. ఒక ముక్క పెద్దది, ఒకటి ఎముక. కొట్టుకుచస్తారు. దానికి పాత నావికులు కనిపెట్టిన పద్ధతి ఉంది. ఒకడు ముక్కలు చేస్తాడు. ఇంకొకడు పళ్లేనికి వీపు పెట్టి నిలబడతాడు. కోసినవాడు ఒక ముక్క మీద వేలు పెట్టి "ఇది ఎవరికి?" అని గట్టిగా అడుగుతాడు. ఏ ముక్కో కనపడనివాడు బంతిలో ఒకరి పేరు చెబుతాడు. అది వాడిది. ఏడుపుల్లేవు, మార్పిడి లేదు.

ఇన్నేళ్లలో నేను కింది అంతస్తులో చూపించినవాటిలో ఇంతకన్నా గొప్పది లేదు. పెద్ద చదువులేని మనుషులు, ఆకలి మీద ఉన్నవాళ్లు, పక్కవాడి గొంతు పట్టుకోకుండా ఉండేందుకు చేసుకున్న ఏర్పాటు అది. రాన్ పోయాక కూడా ఆ ఆట ఆడించిన ప్రతిసారీ అతని గొంతే నాకు వినిపించేది.

ఊరగాయ సిద్ధాంతం

కాస్త పేరొచ్చాక నాకు కొమ్ములు మొలిచాయి. చిగుళ్లు వాచి, పళ్లు ఊడి, పాత పుండ్లు మళ్లీ తెరుచుకుని నావికులు చనిపోయే స్కర్వీ జబ్బు గురించి చెప్పేటప్పుడు, చివర్లో ఒక సొంత ముక్క తగిలించేవాణ్ణి: "మా ఊరి నిమ్మకాయ ఊరగాయ ఒక్క జాడీ ఎక్కించుకుని ఉంటే వీళ్లంతా బతికేవాళ్లు!" జనం చప్పట్లు కొట్టేవారు. నేనూ తెగ మురిసిపోయేవాణ్ణి. నమ్మి నమ్మి చివరికి దాన్ని శాస్త్రం చేశాను.

ఒక శనివారం శారద వచ్చి వెనక నిలబడి విన్నది. అందరూ వెళ్లాక నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, ఈ ఊరగాయ సంగతి మీకు ఎవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పేదేంటి? నిమ్మకాయే కదా!"

"తాజా నిమ్మకాయ వేరు, నెలల తరబడి ఉప్పులో మాగింది వేరు. అందులో సి విటమిన్ ఎంత మిగులుతుందో మీకు తెలుసా? పోనీ నాకు తెలుసా? తెలియనిది అంత ధీమాగా చెప్పేస్తారా? నేను పేషెంట్లకి ఇలాగే చెప్తే నన్ను క్లినిక్‌లోంచి గెంటేస్తారు."

నాలుక కరుచుకున్నాను. ఆ తర్వాత ఆ మాట మానేశాను. మానేశాక తెలిసింది, చప్పట్లు లేకపోయినా జనం అక్కడే నిలబడి వింటున్నారని. మీకు మీ ఊరి మీద ప్రేమ ఉంటే ఉండనివ్వండి, దాన్ని చరిత్రలోకి వడ్డించకండి.

అలాగని ఊరు మన పనికి అస్సలు రాదని కాదు. ఒకసారి ఒక పెద్దమనిషి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నువ్వు ఇంగ్లీషు నావికుడివా?" అన్నాడు. అడిగిన తీరులోనే వెటకారముంది. ఒక్క నిమిషం చెవులు వేడెక్కాయి. అయినా మామూలుగానే చెప్పాను: "ఇలాంటి ఓడలు మా వైపు మచిలీపట్నం దాకా వచ్చాయండీ, మా రంగుల బట్టల కోసం. తిరిగొచ్చేటప్పుడు మనుషులు చాలకపోతే అటువైపు నావికుల్ని ఎక్కించుకునేవాళ్లు. కాబట్టి ఈ చెక్కల మీద నాలాంటివాడు పడుకునే ఉంటాడు. వాళ్లు మచిలీపట్నం వచ్చారు, నేను హారో వచ్చాను." ఆయన మచిలీపట్నం ఎలా పలకాలో అడిగి, రెండుసార్లు పలికి, వెళ్లిపోయాడు. కోపం వస్తుంది, రానివ్వండి. జవాబు మాత్రం నిజమైనది ఇవ్వండి.

చిలకల పెట్టె

బాసుల్లో నాకు బాగా గుర్తున్నది హెలెన్. చివరి ఏళ్లలో మా మేనేజర్. చురుకైన మనిషి. ఒకరోజు పెద్ద అట్టపెట్టె మోయించుకుని కిందికి వచ్చింది. తెరిస్తే ప్లాస్టిక్ చిలకలు, నల్ల కళ్లగంతలు, బంగారు నాణేల్లాంటి చాక్లెట్లు.

"సత్యా, కుటుంబాలు వచ్చేది సముద్రపు దొంగల కోసం. కింద కూడా అదే పెడదాం. బిస్కట్టు తినే మనిషిని చూడ్డానికి ఆదివారం ఎవరొస్తారు చెప్పు?"

"చస్తే ఒప్పుకోను" అన్నాను. అంత గట్టిగా అన్నందుకు నేనే ఉలిక్కిపడ్డాను. "ఈ ఊళ్లో దొంగల బొమ్మలు వంద చోట్ల ఉన్నాయి. మామూలు మనిషికి మిగిలింది ఈ ఒక్క గది. ఇదీ లాక్కుంటే అతను లేనట్టే."

ఆవిడ కోప్పడలేదు. ఆవిడ గొప్పతనం అదే. మరుసటి వారం ఒక స్కూలు నుంచి పిల్లలు వస్తున్నారు, నేనూ కూర్చుని చూస్తాను, వాళ్లకు విసుగొస్తే చిలకలు దిగుతాయి అంది. సరేనన్నాను.

పిల్లలు మెట్లు దిగుతూనే దొంగలేరని గోల. నేను మరుగుదొడ్డితో మొదలుపెట్టి బల్ల దగ్గరికి తెచ్చాను. ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి, నాలుగో మనిషిగా హెలెన్‌ని లాగి, పద్ధతంతా చెప్పాను. టీచరు ఒప్పుకున్న ఓట్ బిస్కట్లు తీసి కావాలనే అడ్డదిడ్డంగా విరిచాను. బంతిలోంచి ఒక పాప లేచి వీపు తిప్పి నిలబడింది. "ఇది ఎవరికి?" అన్నాను. పేరు చెప్పింది. పెద్ద ముక్క దక్కిన పిల్లాడు ఎగిరాడు. మరో పేరు. చివరికి చిటికెడు పొడి మీద వేలు పెట్టి అడిగాను.

"హెలెన్ మిస్!"

హెలెన్ అలవాటుగా నవ్వుతూ, "పాపం నాకు ఇంతేనా? ఎవరైనా మార్చుకుంటారా?" అంది. పాప వెనక్కి తిరిగి చూసి, జడ్జిలా చెప్పింది: "మార్పిడి లేదు మిస్."

క్లాసంతా గొల్లున నవ్వింది. తర్వాత మేమూ మేమూ అని అందరూ బంతి కట్టారు. బస్సు టైమైందని టీచరు మొత్తుకున్నా కదలరు. దొంగల మాట ఎవరికైనా గుర్తుంటే ఒట్టు. హెలెన్ ఆ చిటికెడు పొడీ నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుని, పెట్టె పై అంతస్తుకు మోయించింది. అక్కడ దొంగల వేషం కెవిన్‌కి ఇచ్చింది. కెవిన్ గొంతు పెద్దది, మనసు మంచిది. పుస్తకం చూస్తే ఆవలింత వచ్చే రకం. చిలకను భుజాన పెట్టుకుని అతను వేసే గంతులకు పైన జనం విరగబడేవారు. కింద నేను. ఎవరి పని వాళ్లది, హాయిగా గడిచింది.

నా తర్వాత ఎవరు

రిటైరయ్యే వేళకు ఒకటే దిగులు. కింది అంతస్తుకు వస్తానని ఎవరూ అనడం లేదు. చీకటి, తారు కంపు, దూలం దెబ్బలు, ఎవరొస్తారు? హెలెన్ సూటిగా చెప్పింది. "ఎవరూ దిగకపోతే మెట్లకు తాడు కట్టేస్తాను సత్యా. ఖాళీ గదిని తెరిచి ఉంచలేను." నా మనసులో ఉన్నది పై అంతస్తు గైడు గ్రేస్. చెప్పింది శ్రద్ధగా వినే అమ్మాయి. గ్రేస్‌కి మాత్రం పైన వెలుతురులో ఉండటమే ఇష్టం.

నా ఆఖరి రోజు కేకు కోశాక హెలెన్ ముగ్గురు గైడుల్ని కింద బల్ల చుట్టూ నిలబెట్టింది: కెవిన్, గ్రేస్, టామ్. బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది. ముందు ద్వారం తాళాలు, దొంగ వేషం కత్తి, మా బంతి చెక్క పళ్లెం. ఏది ఎవరికి వస్తే వాళ్లది ఆ పని. ముగ్గురూ సరేనన్నారు.

"సత్యా, నువ్వే వీపు తిప్పు" అంది.

తిప్పాను. నా ఎదురుగా ఓడ గోడ తప్ప ఏమీ లేదు.

"ఇది ఎవరికి?"

"టామ్" అన్నాను. తాళాలు గలగలలాడాయి. అమ్మయ్య, పళ్లెం ఇంకా ఉంది.

"ఇది ఎవరికి?"

మిగిలింది ఇద్దరు. దేవుడా, వేలు పళ్లెం మీదే ఉండాలి అనుకుంటూ, "గ్రేస్" అన్నాను. గ్రేస్ సంతోషంతో కేక వేసింది. కత్తి ఆమెది. అంటే నా పళ్లెం కెవిన్‌కి. పుస్తకమంటే ఆవలించే కెవిన్‌కి.

తిరిగి చూస్తే పళ్లేన్ని బోర్లా పట్టుకుని నిలబడి ఉన్నాడు, నాకన్నా బిక్కచచ్చిపోయి. నేను ఉండబట్టలేక, "హెలెన్, ఒక్కమాట..." అన్నాను.

"మార్పిడి లేదు సత్యా" అంది ఆవిడ.

నేను నేర్పిందే కదా, నోరు మూసుకున్నాను. ట్యూబు రైల్లో హారోకు వస్తుంటే ఏడుపొచ్చింది. ఇల్లు చేరగానే శారద అన్నం పెట్టింది.

టికెట్ కొనుక్కుని

కొన్ని నెలలు ఆ వైపే వెళ్లలేదు. ఒక ఆదివారం శారదే బలవంతంగా బయల్దేరదీసింది. మెట్ల దగ్గర తాడు లేదు. కింద నుంచి కెవిన్ గొంతు వినిపిస్తోంది. మేం దిగుతుండగానే దూలానికి అతని తల కొట్టుకున్న చప్పుడు, పిల్లల నవ్వు.

మరుగుదొడ్డి చెప్పాడు. తుఫానులో విరేచనాల మాట చెప్పాడు, అరుపులు ఆగిపోయాయి. తారు చెప్పాడు. ఒక గుడ్డ ఉయ్యాల్లో ప్లాస్టిక్ చిలకను పడుకోబెట్టి, "దీనికి జ్వరం, అమ్మ కావాలని ఏడుస్తోంది" అన్నాడు. నేను పళ్లు నూరుకున్నాను. చూస్తే ఒక చిన్నపిల్ల దానికి దుప్పటి కప్పుతోంది. నూరడం ఆపేశాను. అది నాకు ఎన్నేళ్లున్నా తట్టేది కాదు.

బల్ల దగ్గర పళ్లెం పెట్టాడు, ఒకటే. ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టి చుట్టూ చూశాడు. "బంతిలో ఒకరు తక్కువ. ఆ మూల నిలబడ్డ పెద్దాయనా, మీకు ఆకలిగా ఉన్నట్టుంది, రండి." కన్ను గీటాడు గాని నేనెవరో ఎవరికీ చెప్పలేదు.

వెళ్లి పిల్లల మధ్య కూర్చున్నాను. ఒక పాప లేచి వీపు తిప్పింది. కెవిన్ రెండు ముక్కలు పంచాక అన్నిటికన్నా చిన్న ముక్క మీద వేలు పెట్టాడు.

"ఇది ఎవరికి?"

పాపకు తన స్నేహితుల పేర్లు తెలుసు, నా పేరు తెలియదు. కొంచెం ఆలోచించింది.

"ఆ తాతగారికి!"

పిల్లలు నా ముఖంలోకి చూస్తున్నారు, ఏడుస్తానేమోనని. వెనక నుంచి శారద గొంతు: "కానివ్వండి, మీ వాటా వచ్చింది."

అందరి వేళ్లూ తగిలిన ఆ పళ్లెంలోంచి నా ముక్క తీసుకుని తిన్నాను.